బోటు అమ్మబడును: సటీకా తాత్పర్యము

మూలము

సోనా బోటు అమ్మకానికి కలదు. ఒకే ఓనరు. ఇంజను ఫుల్ కండిషను. కొత్తగా ఫైబరు చేయించినది. పేపర్లు క్లియర్. చూసుకున్నవారే మాట్లాడవలెను.

అవతారిక

ఈ కృతికర్త ఎవరో తెలియదు. అడుగున ఫోను నంబరు ఉంది గాని ఆశ్వాసాంత గద్య లేదు. విశాఖపట్నం చేపల రేవులో ఏ టీకొట్టు గోడ మీదైనా, ఏ వాట్సాప్ గుంపులోనైనా ఇది చిన్న చిన్న పాఠభేదాలతో దొరుకుతుంది. కొన్ని ప్రతుల్లో "అర్జెంటు" అనే అధిక పాఠం ఉంది. అది ఉన్న ప్రతిలో ధర తక్కువ, అనుమానం ఎక్కువ.

మెతుకుసీమలోని కోల్చారంవాడైన మల్లినాథ సూరి కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్య రాస్తూ మూలాన్ని దాటి అడుగు బయట పెట్టలేదని ప్రతీతి. ఇక్కడ ఆ నియమం పాటిస్తే టీకాకారుడు మొదటి వాక్యం దగ్గరే అడ్వాన్సు పోగొట్టుకుంటాడు. ఈ కావ్యంలో అసలు కథంతా కవి రాయకుండా వదిలేసిన చోట్లలోనే ఉంది. కాబట్టి ప్రతిపదార్థం మూలానికి, వ్యాఖ్య మాత్రం మూలంలో లేనిదానికి.

ప్రతిపదార్థము

సోనా బోటు = 13 మీటర్లకు అటూ ఇటూ పొడవుండి, మంచు, డీజిలు, బియ్యం, ఉప్పు వేసుకుని రోజుల తరబడి సముద్రం మీదే ఉంటూ ట్రాలు వల లాగే మర బోటు. విశాఖ రేవులో పాబ్లో, రొయ్య, సొర అని పిలిచే చిన్న తరహా బోట్లకు ఇది అన్నగారు. రొయ్య కోసం ఉత్తరాన హుగ్లీ నది మొగలోని శాండ్‌హెడ్స్ దాకా పోయివచ్చిన జాతి. అంత దూరం వెళ్ళిన బోటని అమ్మేవాడు మీసం తిప్పుతాడు. అంత దూరం వల ఈడ్చిన షాఫ్టు, అంత దూరం అరిగిన గేరుబాక్సు అని కొనేవాడు అర్థం చేసుకోవాలి.

అమ్మకానికి = అమ్మడానికి. ఎందుకు అన్నది మూలంలో లేదు. అడిగితే "పిల్ల పెళ్ళి" అనే జవాబు వస్తుంది. రేవులో ఇన్ని బోట్లు అమ్ముడైనా ఇంకా పెళ్ళికాని పిల్లలు మిగిలి ఉండటం ఆశ్చర్యమే.

కలదు = ఉన్నది. ఈ ఒక్క పదానికే వివాదం లేదు.

కర్తృత్వ చర్చ

"ఒకే ఓనరు" అన్నచోట వ్యాఖ్యాతలు రెండుగా చీలారు. కొత్తగా కట్టించుకున్నవాడే ఇప్పటిదాకా నడిపాడని ప్రాచీనులు. రిజిస్ట్రేషను పత్రంలో ఉన్నది ఒక్కడి పేరు, పెట్టుబడి పెట్టినవాళ్ళు మాత్రం నలుగురని నవ్యులు. టీకాకారుడి మొగ్గు నవ్యుల వైపే. మర బోటంటే లక్షల వ్యవహారం. బావమరిది వాటా, అత్తగారి బంగారం, అన్నదమ్ముల ఉమ్మడి సొమ్ము కలిస్తేగాని చాలా బోట్లు నీళ్ళలోకి దిగవు. వాటాదార్లు కాగితంలో కనబడరు. బోటు అమ్ముడుపోయిన మర్నాడు జెట్టీ మీద కనబడతారు.

వాటాదార్లను మించిన బంధం సావుకారుది. వేటకు ముందే డీజిలుకు, మంచుకు, వలలకు డబ్బిచ్చి, పట్టిన సరుకు తన కాటాకే రావాలని మాట తీసుకునే వ్యాపారి ఈయన. ఆ అప్పుకు వడ్డీ అనే పేరు ఉండదు. కిలోకు కట్టే ధరలోనే కోసుకుంటాడు. బ్యాంకు అప్పయితే తాకట్టు సంగతి ఎక్కడో ఒకచోట ముద్రపడి ఉంటుంది, అడిగితే తేలుతుంది. సావుకారు అప్పుకు ఆయన జేబులోని చిన్న పుస్తకమే రిజిస్టరు. బోటు చేతులు మారినా ఆ పద్దు మాత్రం బోటుతోపాటే వస్తుందని ఆయన గట్టి నమ్మకం. అందుకని "అప్పులేమైనా ఉన్నాయా?" అని యజమానిని అడిగి లాభం లేదు. వేలంపాట జరిగే తెల్లవారుజామున వెళ్ళి, ఈ బోటు సరుకు ఎవరి కాటా మీదికి పోతోందో కళ్ళారా చూడాలి. నెల పొడుగునా ఒకే కాటా అయితే, కొనబోయేది బోటును మాత్రమే కాదన్నమాట.

సబ్సిడీ మీద వచ్చిన బోటయితే మరో చిక్కు. సర్కారు సాయంతో కట్టిన బోటును ఇష్టం వచ్చినట్టు చేతులు మార్చడానికి షరతులు అడ్డొస్తాయి. ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన కింద సబ్సిడీ మామూలు లబ్ధిదారుకు 40 శాతం, ఎస్సీ, ఎస్టీ, మహిళా లబ్ధిదారులకు 60 శాతం. అంత భాగం ప్రజల సొమ్మున్న బోటుకు "ఒకే ఓనరు" ఎలా ఉంటాడన్నది ప్రత్యేకంగా ఒక శాస్త్రచర్చ చేయదగ్గ విషయం.

కర్తృత్వ వివాదం ఎంత దూరం పోగలదో 2024 సెప్టెంబరు మొదట్లో రాష్ట్రమంతా చూసింది. కృష్ణకు 11 లక్షల క్యూసెక్కులు దాటిన వరద వచ్చినప్పుడు ఎగువ నుంచి కొట్టుకొచ్చిన భారీ ఇనుప పడవలు విజయవాడ ప్రకాశం బ్యారేజీకి తగిలి, గేట్ల కౌంటర్ వెయిట్లను దెబ్బతీశాయి. గేట్ల దగ్గర ఇరుక్కున్న వాటిని బయటికి లాగడం ఒక యజ్ఞమైంది. అవి ఎవరి పడవలో తేల్చడం రెండో యజ్ఞమైంది: పోలీసు కేసు, అరెస్టులు, పార్టీల మధ్య వాగ్యుద్ధం. నది ప్రశాంతంగా ఉన్నంతకాలం యజమాని ఎవరని ఎవరూ అడగరు.

సముద్రంలో ఆ ప్రశ్న అంతకు ముందే పుట్టింది. 2008 నవంబరులో ముంబయి మీద దాడికి వచ్చినవాళ్ళు పోరుబందరుకు చెందిన కుబేర్ అనే చేపల బోటును నడిసముద్రంలో పట్టుకుని, దాని మీదే తీరం దగ్గరికి వచ్చారు. ఏ బోటు ఎవరిది, ఎక్కడిది అని దేశమంతా ఒకే తీరుగా రాసిపెట్టుకునే పని ఆ తర్వాతే ఊపందుకుంది. ఇప్పుడు బోటు ముక్కు పక్కన కనబడే నంబరు ఆ పుణ్యమే: ముందు ఐఎన్‌డీ, ఆపైన ఏపీ, తర్వాత జిల్లా గుర్తు, మర బోటయితే ఎంఎం, చిన్న మోటారు బిగించిన నావ అయితే ఎంఓ, చివర అంకె. రియల్‌క్రాఫ్ట్ అనే ఆన్‌లైను రిజిస్టరులో ఈ నంబరు ఉండాలి. ఉండటమే కాదు, రిజిస్టరులోని అంకె, బోటు మీద రాసిన అంకె, పత్రంలోని అంకె, మూడూ ఒకటి కావాలి. బోటు మీది పెయింటు మరీ కొత్తదైతే గోకి చూడటం అమర్యాదేమీ కాదు.

పాఠాంతరములు

ఇంజను ఫుల్ కండిషను = ఇంజను తిరుగుతుంది. రేవులో ఏ నిఘంటువూ ఇంతకు మించి హామీ ఇవ్వదు.

ఇక్కడ పరిష్కర్త చేయవలసిన మొదటి పని తాళపత్రాన్ని శిలాశాసనంతో పోల్చడం. అనగా రిజిస్ట్రేషను పత్రంలోని ఇంజను నంబరును ఇంజను ఒంటి మీద కొట్టిన నంబరుతో సరిచూడటం. రెండూ కలవకపోతే రేవులో నడిచే సంవాదం ఇలా ఉంటుంది.

"ఏటి మావా, ఇంజను మార్సినారా?"

"మారిస్తే ఏటైంది బాబూ, ఆడతంది కదా!"

"మరి పాతదేటైనాది?"

"అదీ ఆడతంది. ఏరే బోటులో."

ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు. పాత ఇంజను తీసి వేరే బోటుకు అమ్మారు, వేరే బోటుది తెచ్చి దీనికి బిగించారు. ఇప్పుడు రెండు బోట్ల చరిత్ర ఒక్క గదిలో ఉంది, పత్రంలో మాత్రం పాత ఇంజను నంబరే రాసి ఉంది. మార్పు సంగతి మత్స్యశాఖకు చెప్పి రాయించుకుని ఉంటే అది పాఠాంతరం, రాయించుకోకపోతే అపపాఠం. అపపాఠాన్ని కొన్నవాడు పేరు మార్పిడికి వెళ్ళినరోజు ఆఫీసు గుమ్మంలో దొరికిపోతాడు.

ఇంజను చూడటానికి వస్తున్నామని ముందుగా ఫోను చేయడం మర్యాదే గాని మంచిది కాదు. వెళ్ళగానే స్టార్టు చేయమనకూడదు, ముందు అరచేయి పెట్టి చూడాలి. వెచ్చగా ఉంటే, కొనేవాడు రాకముందే ఎవరో దాన్ని బుజ్జగించి లేపి ఉంచారన్నమాట. అప్పుడు సాయంత్రం దాకా టీలు తాగుతూ కూర్చోవలసిందే. చల్లటి ఇంజను లేచేటప్పుడు విడిచే పొగలోనే దాని నిజస్వభావం ఉంది. నీలి పొగ ఆగకుండా వస్తే ఇంజనాయిలు తాగుతోంది. నల్ల పొగ అయితే డీజిలు సరిగా మండటం లేదు, లేదా మోయలేని బరువు మోస్తోంది. తెల్ల పొగ వేడెక్కాక కూడా తగ్గకపోతే నీళ్ళు చేరకూడని చోట చేరాయేమోనని చూడాలి. ఆయిలు పుల్ల తీసి చూసినప్పుడు నల్లగా ఉంటే భయం లేదు. తెల్లగా నురుగు పట్టి ఉంటే బేరం అక్కడికి ఆపవచ్చు.

గంటల మీటరు చెప్పే లెక్కను టీకాకారుడు ప్రమాణంగా స్వీకరించడు. మీటరు మారుస్తారు, తీగ పీకుతారు. డీజిలు లెక్క మాత్రం అంత సులువుగా మారదు. ఆంధ్రప్రదేశ్‌లో వేట బోట్లకు లీటరుకు 9 రూపాయల రాయితీ ఉంది. రాయితీ కావాలంటే ఏ బోటు ఎంత పోయించుకుందో లెక్క ఉండాలి. నెలకు ఎన్ని లీటర్లో తెలిస్తే ఎన్ని రోజులు వేటకు పోయిందో తెలుస్తుంది. "అంతగా తిప్పలేదండీ, ఒడ్డునే ఉంది" అన్న మాటకు బంకు పుస్తకం ఒక్కటే సరైన ఖండన గ్రంథం.

ప్రక్షిప్త భాగములు

కొత్తగా ఫైబరు చేయించినది = కవి హృదయం ఇక్కడ ఉంది. గుండె దడ కూడా ఇక్కడే.

మహాభారతంలో తర్వాతివాళ్ళు చేర్చిన శ్లోకాలేవో ఏరడానికి పుణెలోని భండార్కర్ సంస్థ పండితులు 1919లో కూర్చుని 1966 దాకా లేవలేదు. బోటు కొనేవాడికి ఒక పూట మాత్రమే గడువు.

చెక్క బోటు మీద ఫైబరు గ్లాసు పొర వేయించడం దానంతటది దోషం కాదు. బాగా ఎండిన, ఆరోగ్యమైన పలక మీద వేస్తే నీటినీ పురుగునూ ఆపుతుంది. పుచ్చిన పలకను తీయకుండా దాని మీద పొర కప్పితేనే మోసం. లోపలి తడికి బయటికి పోయే దారి ఉండదు. చెక్క చీకటిలో కుళ్ళుతూనే ఉంటుంది, పైన మాత్రం నున్నగా నీలం రంగు మెరుస్తుంది. చెక్కను తొలిచే టెరెడో పేరుకు పురుగే గాని నిజానికి ఆలిచిప్పల బంధువు. పిల్లగా ఉన్నప్పుడు సూదిమొనంత రంధ్రం చేసుకుని లోపలికి దూరి, పెరిగేకొద్దీ పలక పొడవునా సొరంగం తవ్వుకుంటూ పోతుంది. బయటి రంధ్రం మాత్రం దాదాపు అంతే ఉంటుంది. పలకలో సగం ఖాళీ అయినా చూసేవాడికి కనబడేది ఒక చుక్క. ఆ చుక్క మీద ఫైబరు పడితే అదీ కనబడదు.

దీనికి రేవు కనిపెట్టిన ఉపాయం చెవి. బోటును స్లిప్‌వే ఎక్కించి ఆరబెట్టాక, ముసలి వడ్రంగి ఒకడు చిన్న సుత్తి, సుద్దముక్క పట్టుకుని వస్తాడు. ముక్కు దగ్గర మొదలుపెట్టి జానెడుకొకచోట తట్టుకుంటూ వెనక్కి నడుస్తాడు. టక్, టక్, టక్. ఎవరైనా మాట్లాడితే కళ్ళెర్రజేస్తాడు. నీటిమట్టం గీత దిగువన, ప్రొపెల్లరుకు బారెడు ఇవతల, టక్ కాస్తా డబ్ అవుతుంది. ఆగడు, ముఖం కూడా మార్చడు. అక్కడ సుద్దతో సున్నా చుట్టి ముందుకు పోతాడు. రెండో పక్కకు వెళ్ళి మళ్ళీ అదే పని. అయ్యాక సుత్తి సంచిలో పెట్టుకుని బీడీ వెలిగించుకుంటాడు. అప్పటికి బోటు ఒంటి మీద ఆయన రాసిన వ్యాఖ్య అంతా సున్నాల్లో ఉంటుంది. ఒకటి రెండు సున్నాలైతే పలక మార్పించే ఖర్చు ధరలో తగ్గించుకుంటారు. అడుగుదూలం పొడవునా వరసగా ఉంటే కొనేవాడు వడ్రంగి కూలి ఇచ్చి ఇంటికి పోతాడు. ఈ కావ్యానికి వచ్చిన వ్యాఖ్యానాలన్నిటిలో టీకాకారుడు ఆయనదే శిరోధార్యమంటాడు.

ఎప్పుడు చూడాలన్నదీ ముఖ్యమే. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మర బోట్ల వేట నిషేధం. బోట్లు ఒడ్డెక్కేది, మరమ్మతులు, రంగులు జరిగేది ఆ రెండు నెలల్లోనే. ఏప్రిల్ చివర వెళ్ళినవాడికి చెక్క కనబడుతుంది. జూన్ మొదట్లో వెళ్ళినవాడికి రంగు కనబడుతుంది. ఇటువంటి ప్రకటనలు జూన్‌లోనే ఎందుకు విరివిగా వెలువడతాయో సహృదయులు ఊహించగలరు.

కాలనిర్ణయము

కవుల కాలం తేల్చడానికి సమకాలీన రాజుల పేర్లు వెతుకుతారు. బోటు కాలానికి తుపానులు ఉన్నాయి.

విశాఖ బోటయితే రెండు తేదీలు అడగాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను నగరం మీద విరుచుకుపడినప్పుడు ఈ బోటు ఎక్కడ కట్టి ఉంది? 2023 నవంబరు 19 రాత్రి రేవులో మంటలు లేచి 40కి దగ్గరగా బోట్లు దెబ్బతిన్నప్పుడు ఏ జెట్టీ దగ్గర ఉంది? ఆ అగ్నిప్రమాదం తర్వాత ప్రభుత్వం బోటు విలువలో 80 శాతం పరిహారంగా ప్రకటించింది. కాబట్టి దెబ్బతిన్న బోట్ల జాబితా అంటూ ఒకటి సర్కారు దగ్గర ఉంటుంది. అందులో ఈ నంబరు ఉందేమో చూసుకోవడం కొనేవాడి పని. ఉంటే కొనకూడదని కాదు. కాలిన భాగం ఎంత, ఎవరు మళ్ళీ కట్టారు, ఏ చెక్క వాడారు అని అడగాలి. కాకినాడ వైపు పాత బోటయితే 1996 నవంబరు తుపాను దాకా వెనక్కి పోవాలి.

ఈ ప్రశ్నలకు యజమాని చెప్పే జవాబు ఒక పాఠం. బోటులో పనిచేసే కలాసీలు చెప్పేది ఇంకో పాఠం. మంచు మిల్లువాడిది మూడోది. మూడూ కలిసిన చోట చరిత్ర ఉంటుంది. కలవని చోట బోటు నడిపే సరంగును విడిగా పిలిచి, "అన్నా, నువ్వయితే కొంటావా?" అని అడగాలి. సరంగు నవ్వితే ఆ నవ్వును కూడా ప్రమాణంగా గ్రహించవచ్చు.

పేపర్లు క్లియర్

ఈ పాదానికి వ్యాఖ్య పెద్దగా అక్కరలేదు, జిరాక్సులు కావాలి. చేపల బోట్ల రిజిస్ట్రేషనుకు పునాది వేసింది 1958 నాటి మర్చంట్ షిప్పింగ్ చట్టం. ఈ రాష్ట్రంలో వేట లైసెన్సుకు ఆధారం 1994 నాటి సముద్ర చేపల వేట నియంత్రణ చట్టం. రిజిస్ట్రేషను ఉండి లైసెన్సు గడువు తీరిన బోట్లు ఉంటాయి. కాబట్టి రెండూ అడగాలి. బోటు వేరే రాష్ట్రం నుంచి వచ్చినదైతే అక్కడి రిజిస్ట్రారు ఇచ్చిన నిరభ్యంతర పత్రం మూడోది. అది లేని బోటు ఎంత అందంగా ఉన్నా, అక్కడ ఏ కేసులోంచి జారుకుని వచ్చిందో తెలియదు.

పేరు మార్చి, ఊరు మార్చి అమ్మడం సముద్రంలో పాత విద్యే. నోవాస్కోషియాలో 1861లో అమెజాన్ అనే ఓడను నీళ్ళలోకి దించారు. తొలి ప్రయాణంలోనే కెప్టెను జబ్బుపడి చనిపోయాడు. 1867లో తుపానుకు ఒడ్డున పడితే యజమానులు ఆశ వదులుకున్నారు. శిథిలంగా చేతులు మారి, మరమ్మతులై, 1868 చివరలో న్యూయార్కులో కొత్త పేరుతో రిజిస్టరైంది. ఆ కొత్త పేరు మేరీ సెలెస్టె. నాలుగేళ్ళకు అట్లాంటిక్‌లో మనిషన్నవాడు లేకుండా తేలుతూ దొరికి లోకమంతటికీ తెలిసిన ఓడ ఇదే. 1885లో దాని చివరి కెప్టెను బీమా డబ్బు కోసం కావాలనే హైతీ దగ్గర దిబ్బ మీదికి ఎక్కించాడు. చేతులు మారినప్పుడల్లా ఎవరో ఒకరు పేపర్లు క్లియరనే చెప్పి ఉంటారు.

అమెరికాలో సరస్సు ఒడ్డున ఇల్లు కొని, పక్కింటాయన్ని చూసి బోటు మీద మనసుపడే తెలుగువాళ్ళకు ఈ విషయంలో కొంత వెసులుబాటు ఉంది. 1972 నవంబరు తర్వాత అక్కడ తయారైన ప్రతి బోటుకూ 12 అక్షరాల గుర్తింపు సంఖ్య ఉంటుంది. వెనుక పలక మీద కుడివైపు పైన చెక్కుతారు. 1984 నుంచి అదే సంఖ్యను ఎవరికీ కనబడని చోట రెండోసారి కూడా వేయాలన్నారు. పైది చెరిపినవాడికి రెండోది ఎక్కడుందో తెలియదు. అలాగని నిశ్చింతగా ఉండటానికి లేదు. 2012లో శాండీ తుపానుకు 65 వేలకు పైగా బోట్లు దెబ్బతిన్నాయని అక్కడి బోటు యజమానుల సంఘం అంచనా వేసింది. తుపాను దెబ్బ తిన్న బోటును నిబంధనలు గట్టిగా లేని రాష్ట్రానికి తోలి, అక్కడ శుభ్రమైన కాగితం పుట్టించి అమ్మేవాళ్ళు అక్కడా ఉన్నారు.

చూసుకున్నవారే మాట్లాడవలెను

అనగా చూడకుండా ధర అడగవద్దని కవి అభిప్రాయం. టీకాకారుడు దీన్ని పూర్తిగా ఆమోదిస్తాడు. అయితే జెట్టీకి కట్టిన బోటును చూడటం చూడటం కాదు. డీజిలు ఖర్చు తాను పెట్టుకునైనా ఒక పూట నీళ్ళలోకి తీసుకెళ్ళాలి. వెళ్ళేముందు అడుగున చేరిన నీరు ఎంతుందో పుల్ల పెట్టి కొలిచి, పంపు ఆపించి, తిరిగొచ్చాక మళ్ళీ కొలవాలి. కాస్త నీరు ఏ చెక్క బోటుకైనా ఊరుతుంది. షాఫ్టు దగ్గర్నుంచి ధారగా వస్తోందా, పలకల సందుల్లోంచి వస్తోందా అన్నది తేడా.

విశేషము: బేరం కుదిరాక స్టాంపు కాగితం మీద రాసుకుని, పేరు మార్పిడిని "సీజను అయ్యాక చూద్దాం" అని వాయిదా వేయడం రేవు ఆచారం. ఇది కొన్నవాడికన్నా అమ్మినవాడికే ఎక్కువ ప్రమాదం. నిషేధ కాలంలో ఆ బోటు పట్టుబడినా, పొరుగు రాష్ట్రం నీళ్ళలో దొరికినా, నోటీసు వెళ్ళేది రిజిస్టరులో ఉన్న పేరుకే. బోటు జాడ తెలిపే ట్రాన్స్‌పాండర్లు వచ్చాక ఎక్కడ తిరిగిందన్న వాదనకు కూడా చోటు తగ్గింది. 2024 ఆగస్టులో మొదలైన పథకం కింద దేశంలో లక్ష వేట నావలకు వాటిని అమరుస్తామన్నారు. అందువల్ల ఈ కృతికర్త తెలివైనవాడైతే, డబ్బు లెక్కపెట్టుకున్న మర్నాడే కొన్నవాడిని స్కూటరు వెనక ఎక్కించుకుని మత్స్యశాఖ ఆఫీసు తెరవకముందే వెళ్ళి నిలబడతాడు, రెండు ఫొటోలు, ఆధార్ జిరాక్సు, పాత పత్రం అసలు ప్రతి చేత పట్టుకుని.